దశమి నాడు శ్రీరాంపూర్‌కు



మాది లిలువా. హౌరాలో లోకల్ రైలు ఎక్కితే మొట్టమొదట ఆగే స్టేషను మాదే. రైలు పెట్టెల వర్క్‌షాపు ఉన్న ఊరు కాబట్టి మన రైల్వే కుటుంబాల్లో చాలామందికి ఈ పేరు తెలిసే ఉంటుంది. ఆ వర్క్‌షాపులో పని దొరికి మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుంచి ఇక్కడికి వచ్చారు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే పెరిగాను. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే బెంగాలీ, హిందీ. ఇంటి నుంచి టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఎక్కితే కాసేపట్లో నది ఒడ్డు. పుస్తకాల్లో దాన్ని హుగ్లీ అని రాస్తారు గానీ, ఇక్కడ అందరికీ అది గంగే.

ఆ గంగ మీద ఒక పూట పడవ ప్రయాణానికి ఎలా సిద్ధం కావాలో ఇవాళ మీతో మాట్లాడాలని వచ్చాను. మోటారు లాంచీ గురించి కాదు, తెడ్డు వేసుకుంటూ పోయే పడవ గురించి.

దీనికంతటికీ మా పిన్ని కారణం. పోయిన సంక్రాంతి వెళ్ళగానే ఫోన్ చేసింది. "ఒరే నాయనా, మొన్న పాపికొండలు చూసొచ్చాంరా. గోదారి బాగుంది గానీ ఆ లాంచీలో మైకు, పాటలు, ఒకటే గోల. నీళ్ళ చప్పుడు ఒక్క నిమిషం వినపడలేదు. మీ గంగలో తెడ్డు పడవ ఎక్కించగలవా? రథసప్తమికి అరసవల్లిలో దర్శనం చేసుకుని ఆ రాత్రే రైలెక్కేస్తాను. అష్టమి వస్తే మళ్ళీ కదలకూడదు" అంది. సరే పిన్నీ, రా అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం గుండెలో రాయి పడింది. ఎందుకంటే ఆ పని ఒకసారి చేసి చేతులు కాల్చుకున్నవాణ్ణి నేను.

అప్పటికి నాకు పాతికేళ్ళు ఉంటాయేమో. ఒక ఆదివారం, నలుగురు స్నేహితులం, పొద్దున్నే పూరీలు తిని, తాపీగా పదింటికి బేలూరు దగ్గర ఘాటుకు వెళ్ళాం. నది ఒడ్డుల దాకా నిండి ఉంది. చూడ్డానికి ఎంత అందంగా ఉందో! పడవ మాట్లాడుకుని, మాఝీని, అంటే పడవవాణ్ణి, చుక్కాని దగ్గర కూర్చోబెట్టి, తెడ్లు మేమే తీసుకున్నాం. ఎగువకు పోదాం, దక్షిణేశ్వరం దాటి ఉత్తర్‌పాడా చూసి వద్దాం అని మా ఆలోచన. "భాటా పడబోతోంది బాబూ" అని మాఝీ రెండుసార్లు చెప్పాడు. పడితే పడనీ, మాకు చేతుల్లో బలం లేదా అనుకున్నాం.

బాలీ వంతెన కిందకు వచ్చేసరికి పడవ బరువెక్కింది. నా ఎదురుగా వంతెన స్తంభం. దాని రాతి వరసల మధ్య ఒక అతుకు దగ్గర రావి మొక్క ఒకటి మొలిచి ఉంది, అరచేయంత. ఇరవై సార్లు తెడ్డు వేసి తలెత్తి చూశాను. రావి మొక్క అక్కడే ఉంది. ఇంకో ఇరవై వేశాను. అక్కడే ఉంది. కానీ దాని కింద రాయి మీద తడి చార ఇందాక జానెడే ఉండేది, ఇప్పుడు మూరెడు అయింది. అంటే మేం కదలడం లేదు, నీళ్ళు మాత్రం దిగిపోతున్నాయి. అరగంట సేపు ఆ రావి మొక్కతో పోట్లాడి, చేతులు బొబ్బలెక్కి, చివరికి పడవ వదిలేశాం. నది మమ్మల్ని తీసుకొచ్చి ఎక్కడ బయలుదేరామో అక్కడికి దిగువన పడేసింది. అప్పటికి ఘాటు మెట్లు అయిపోయి, వాటి కింద బురద బయటపడింది. మోకాలి లోతు. అందులో నా చెప్పు ఒకటి ఇప్పటికీ ఉండే ఉంటుంది. ఆ రోజు మాఝీ చెప్పింది వినకపోవడం పూర్తిగా మా తప్పు.

మనం తెలుగులో జీవితంలో ఆటుపోట్లు అంటూ ఉంటాం. ఆ మాట నేను చిన్నప్పటి నుంచి విన్నాను గానీ, ఆటు అంటే ఏమిటో, పోటు అంటే ఏమిటో ఒంటికి తెలిసింది ఆ రోజే. సముద్రం పొంగి లోపలికి తోసుకొస్తే పోటు, వెనక్కి లాక్కుంటే ఆటు. బెంగాలీలో జోయార్, భాటా. మన తీరప్రాంతం వాళ్ళకి ఇది కొత్త కాదు. యానాం దగ్గర గోదావరి రోజుకు రెండుసార్లు ఎదురు పారడం చూసే ఉంటారు. కానీ ధవళేశ్వరం దగ్గర 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశాక సముద్రపు పోటు దాని పైకి ఎక్కే దారి లేదు. రాజమండ్రి వాళ్ళకి గోదావరి ఎప్పుడూ ఒక్క వైపే పారుతుంది. ఇంగ్లాండులో థేమ్స్ నదిది కూడా అదే కథ. టెడ్డింగ్టన్ అనే ఊరి దగ్గర అడ్డుకట్ట, తలుపులు ఉన్నాయి, పోటు అక్కడితో ఆగిపోతుంది. జెరోమ్ కె. జెరోమ్ 1889లో ముగ్గురు మనుషులు, ఒక కుక్క కలిసి చేసిన పడవ ప్రయాణం గురించి పేరుపొందిన పుస్తకం రాశాడు కదా, వాళ్ళు పడవెక్కింది కింగ్‌స్టన్‌లో. అది టెడ్డింగ్టన్‌కు ఎగువ. అందుకే వాళ్ళు ఎప్పుడు బయలుదేరినా ఫరవాలేదు.

మా గంగకు ఇక్కడ అలాంటి తలుపు ఏదీ లేదు. సముద్రం నుంచి నవద్వీపం వైపు దాకా పోటు ఎక్కుతూనే ఉంటుంది. పైగా రెండూ సమానంగా ఉండవు. పోటు నాలుగైదు గంటల్లో గబగబా వచ్చేస్తుంది, ఆటు ఏడెనిమిది గంటలు మెల్లగా తీస్తుంది. రెండూ కలిపి పన్నెండున్నర గంటలకు కాస్త తక్కువ. అందుకే ఇవాళ ఎనిమిదింటికి నిండిన నది రేపు ఎనిమిదింటికి నిండదు, ఇంకో ముప్పావుగంట పైన పడుతుంది. చంద్రుడు రోజూ ఆలస్యంగా వస్తాడు, నది ఆయన వెంట నడుస్తుంది. మన గోడ గడియారానికీ, ఆదివారం సెలవుకూ దానికి సంబంధం లేదు.

కాబట్టి పిన్ని వస్తానన్న రోజు నేను మొదట తీసింది పంచాంగం.

అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల లాగుడు ఒక్క దారిలో పడుతుంది, నీరు బాగా పొంగుతుంది. బెంగాలీలో దాన్ని భరా కొటాల్ అంటారు, నిండు పోటు అని. అష్టమి చుట్టుపక్కల ఆ లాగుడు ఒకదానికొకటి అడ్డంగా పడి పోటు నీరసిస్తుంది. అది మరా కొటాల్, చచ్చిన పోటు. భరా కొటాల్ రోజుల్లో ఈ నదిలో బాన్ వస్తుంది. బాన్ అంటే పోటు ముందు భాగం ఒక గోడలా నిలబడి, నురగ కక్కుకుంటూ ఎగువకు పరుగెత్తి రావడం. ఇంగ్లాండులో సెవర్న్ నదిలోనూ ఇలాంటిదే వస్తుందట, దాని మీద పలకలేసుకుని స్వారీ చేసేవాళ్ళున్నారు. ఇక్కడ వానాకాలం చివర భాద్రపద, ఆశ్వయుజాల్లో వచ్చేదాన్ని షాడాషాడీర్ బాన్ అంటారు. ఆంబోతులు కుమ్ముకున్నట్టు వస్తుందని ఆ పేరు. బాన్ వేళకు ఫెర్రీలు ఆపేస్తారు, ఘాటు మీద స్నానాలు చేసేవాళ్ళను పైకి పిలిచేస్తారు. చిన్న పడవలున్న మాఝీలు ఒడ్డున కట్టి ఉంచరు, ఒడ్డుకేసి కొట్టేస్తుందని నది మధ్యకు తీసుకుపోయి ముక్కు దానికి ఎదురుపెట్టి నిలుపుతారు. నేను ఒకసారి ఒడ్డు నుంచి చూశాను. ముందు ఆ చప్పుడు వినపడింది, గూడ్సు రైలు దూరంగా వంతెన ఎక్కుతున్నట్టు. ఆ తర్వాత ఘాటు మెట్లు ఒక్కొక్కటే కాకుండా నాలుగైదు ఒకేసారి మునిగిపోయాయి.

అలాంటి రోజున ఇంటి ఆడవాళ్ళను, పిల్లలను తీసుకుని చిన్న పడవలో దిగే ప్రసక్తే లేదు. పడవకు మంచి రోజులు అష్టమి, నవమి, దశమి, ఏకాదశి. చిత్రం ఏమిటంటే, అష్టమి నవములు మన పెద్దవాళ్ళు ప్రయాణానికి పనికిరావని పక్కనపెట్టే రోజులు. మాఘ శుద్ధ నవమి నాడు వెళ్దాం పిన్నీ అని ఫోన్‌లో అన్నానో లేదో, "నవమి నాడా? నేను గుమ్మం దాటను" అంది. నిజానికి ఆమె పట్టుదల నాకు కలిసొచ్చింది. పోటు బలం అష్టమి నాడే అడుగంటదు, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా తగ్గుతుంది. నది లెక్కలో దశమి ఇంకా నెమ్మది. పంచాంగం లెక్కలో దశమి ప్రయాణానికి శ్రేష్ఠం. దశమికి పిన్ని ఒప్పుకుంది, గంగ ఒప్పుకుంది.

మాఘమాసం ఎందుకన్నది కూడా చెప్పాలి. చైత్ర వైశాఖాల్లో సాయంత్రాలు ఇక్కడ కాలబైశాఖి అని గాలివాన లేస్తుంది. పది నిమిషాల్లో ఆకాశం నల్లబడి పడవలు తిరగబడతాయి. వానాకాలంలో పైనుంచి వచ్చే వరద నీరు ఆటును రెట్టింపు చేస్తుంది. కార్తీకం వెళ్ళిన దగ్గర నుంచి మాఘం దాకా గాలి నెమ్మది, ఎండ నెమ్మది. ఒక్క మంచు మాత్రమే పగ. పుష్యమాసంలో తెల్లవారుజామున అవతలి ఒడ్డు కాదు కదా, పడవ ముక్కు కనపడదు. మంచు ఉంటే విడేదాకా ఒడ్డునే ఉండాలి. ఎందుకంటే ఇది హల్దియా నుంచి ప్రయాగ దాకా పోయే ఒకటో నంబరు జాతీయ జలమార్గం. సరుకు బార్జీలు నడుస్తాయి. అంత పెద్దది పక్కకు తప్పుకోలేదు, తప్పుకోవలసింది మనమే.

రోజు కుదిరింది. ఇక ఎక్కడికి?

నేను శ్రీరాంపూర్ అనుకున్నాను. నది మీద మా బేలూరు నుంచి పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది రైలు. 1854 ఆగస్టు 15న తూర్పు భారతదేశంలో మొదటి రైలు హౌరా నుంచి హుగ్లీకి నడిచింది. మధ్యలో ఆగిన స్టేషన్లు బాలీ, శ్రీరాంపూర్, చందన్‌నగర్. ఆ పట్టాలు గంగ ఒడ్డు పట్టుకునే పోయాయి. ఇప్పటికీ లిలువా దాటాక బేలూరు, బాలీ, ఉత్తర్‌పాడా, హింద్‌మోటర్, కొన్నగర్, రిష్రా, శ్రీరాంపూర్, అన్నీ నదికి నడక దూరంలోని స్టేషన్లే. మధ్యలో ఎవరికైనా తల తిరిగినా, పిల్లవాడు ఏడ్చినా, గాలి లేచినా, దగ్గర్లో ఉన్న ఘాటులో దిగి స్టేషనుకు పోవచ్చు. పడవ ప్రయాణానికి ఇంతకన్నా గొప్ప భరోసా ఉంటుందని నేను అనుకోను. ఎక్కడ దిగగలమో తెలియకుండా నదిలోకి దిగకూడదు.

రెండో కారణం మన భాష. శ్రీరాంపూర్ అప్పట్లో డేన్ల ఊరు. 1755 నుంచి 1845లో ఇంగ్లీషు వాళ్ళకు అమ్మేసేదాకా, మధ్యలో కొన్నేళ్ళు తప్ప, అక్కడ డెన్మార్క్ జెండా ఎగిరింది. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మిషనరీలను రానివ్వని రోజుల్లో విలియం కేరీ 1800 జనవరిలో అక్కడ చేరాడు. ఆయనా, ఆయన తోటివాళ్ళూ పెట్టిన అచ్చు కూటంలో ఎన్నో భారతీయ భాషలకు అక్షరాలు పోత పోశారు. పంచానన్ కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్ ఆ విద్యలో ఆరితేరినవాళ్ళు. 1812 మార్చి 11న ఆ అచ్చు కూటం తగలబడింది. కాగితం, రాతప్రతులు బూడిదయ్యాయి, అచ్చు అక్షరాలు కరిగిపోయాయి. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి 1814లో అక్కడి నుంచి కేరీ రాసిన తెలింగ భాషా వ్యాకరణం అచ్చయి వచ్చింది. అంటే మన తెలుగు వ్యాకరణం. మద్రాసులో కాంప్బెల్ వ్యాకరణం 1816లో, బ్రౌన్ దొర వ్యాకరణం 1840లో. వాటన్నిటికీ ముందు, తెలుగు నేలకు ఇంత దూరాన, గంగ ఒడ్డున, ఒక డేనిష్ ఊళ్ళో మన విభక్తులు అచ్చుకెక్కాయి. నాకు ఈ సంగతి తెలిసిన రోజు నుంచి శ్రీరాంపూర్ పరాయి ఊరు అనిపించలేదు. 1818లో పెట్టిన కాలేజీ నదికి ఎదురుగానే ఉంది. పిన్ని ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పింది. ఆమెను అక్కడికి నీటి దారినే తీసుకెళ్ళాలని నాకు గట్టిగా అనిపించింది. ఆ కాలంలో పుస్తకాలూ మనుషులూ కదిలింది ఆ దారినే కదా.

ఇక లెక్క. నా మొదటి ప్రయాణంలో నేను చేసిన తప్పు బయలుదేరే వేళ నుంచి లెక్కపెట్టడం. నదిలో దిగే వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ఎందుకో చెప్తాను. నీరు తీసినప్పుడు ఘాటు మెట్ల కింద బురద ఉంటుందని చెప్పాను కదా. అరవై దాటిన మనిషి ఆ బురదలో దిగలేదు. నీరు నిండుగా ఉన్నప్పుడు పడవ నేరుగా మెట్టుకు ఆనుతుంది, వీధి అరుగు మీద నుంచి దిగినట్టు దిగవచ్చు. కాబట్టి శ్రీరాంపూర్ దగ్గర పోటు నిండే వేళకు మనం అక్కడ ఉండాలి. పోటు తోడుంటే గంటకు ఐదు కిలోమీటర్లు సులువుగా పోతాం, అంటే మూడు గంటలు.

పోటు వేళలు సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే పట్టికల్లో దొరుకుతాయి. అందులో వేళ కోల్‌కతా గార్డెన్ రీచ్‌ది ఉంటుంది. ఎగువకు పోయేకొద్దీ ఆలస్యం అవుతుంది. ఎంత కలుపుకోవాలన్నది నేను మాఝీనే అడిగాను. బేలూరు దగ్గర చేపలు పట్టుకునే పెద్దాయన, ఎనభైకి దగ్గర పడ్డాడు, అందరూ కాకా అంటారు, నేనూ అంతే. ఆయన పట్టిక చూడలేదు. ఘాటు దిగి మెట్లకేసి చూశాడు. పైనుంచి తొమ్మిదో మెట్టు అంచు పగిలి ఉంటుంది. "దశమి నాడు ఈ పగిలిన మెట్టుకు నీళ్ళు తగిలేసరికి పడవ విప్పేయాలి. అప్పుడు నువ్వు తెడ్డు ఊరికే నీళ్ళలో పెట్టినా శ్రీరాంపూర్ వస్తుంది" అన్నాడు. గార్డెన్ రీచ్ వేళకు గంట కలుపుకోమన్నాడు. కాగితం మీద వేస్తే శ్రీరాంపూర్‌లో తొమ్మిదిన్నర, మేం బయలుదేరవలసింది ఆరున్నర. సూర్యోదయం ఆరుంబావు ప్రాంతం. చక్కగా సరిపోయింది. తిరిగి మేం రైల్లో వచ్చేస్తాం, కాకా ఆటులో ఖాళీ పడవ వేసుకుని వచ్చేస్తాడు. ఆ రోజు ఆయనకు వేట పోతుంది కాబట్టి ఆ రోజు కూలి మొత్తం లెక్కగట్టి ముందే ఒప్పుకున్నాం. చేతి పడవ మాట్లాడుకునేవాళ్ళు ఈ సంగతి మరిచిపోవద్దు. బేరం ఆడదగ్గ చోటు కాదు అది.

ఆరుగురం. పిన్ని, బాబాయి, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. లైఫ్ జాకెట్లు ఆరు అద్దెకు తెచ్చాను, చిన్నపిల్లలవి కొలత చూసి మరీ. పడవలో మూలన పెట్టుకోవడానికి కాదు, ఘాటు మెట్ల మీదే తొడుక్కోవడానికి. బాబాయికి ఈత వచ్చు, నాకెందుకురా అన్నాడు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగిన సంగతి గుర్తుచేశాను. గోదావరి జిల్లాలన్నీ ఆ వారం ఎలా ఏడ్చాయో ఆయనకు నాకన్నా బాగా తెలుసు. మాట్లాడకుండా తొడుక్కున్నాడు. ఒడ్డున ఉండే ఒక మనిషికి మన వేళలు చెప్పి వెళ్ళాలి. మా తమ్ముడికి చెప్పాను, బాలీ ఆరుంముప్పావు, కొన్నగర్ ఎనిమిదిన్నర, శ్రీరాంపూర్ తొమ్మిదిన్నర అని. తిండి సంగతి పిన్ని చూసుకుంది. పులిహోర, దద్దోజనం, వేయించిన చల్ల మిరపకాయలు. తాగే నీళ్ళు ఇంటి నుంచే. తల మీదకు టోపీలు, కండువాలు. మాఘం ఎండ అయినా నీటి మీద నుంచి ఎదురు కొడుతుంది. సెల్‌ఫోన్లు ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి.

దశమి పొద్దున పల్చటి మంచు ఉంది గానీ అవతలి ఒడ్డున బరానగర్ కనపడుతూనే ఉంది. నీళ్ళు పగిలిన మెట్టుకు తగలగానే కాకా తాడు విప్పాడు.

బాలీ వంతెనలు ముందుగా వస్తాయి. రెండున్నాయి. పాతది 1931 నాటి ఉక్కు వంతెన, రైళ్ళు, బళ్ళు రెండూ పోతాయి. దానికి దిగువన కొత్తది, 2007లో తెరిచిన నివేదితా సేతువు. దక్షిణేశ్వరం గుడి శిఖరాలకు అడ్డం రాకూడదని ఈ కొత్త వంతెన స్తంభాలను పొట్టిగా కట్టారు. ఆ సంగతి రోడ్డు మీద నుంచి తెలియదు, నీళ్ళ మీద కూర్చుంటేనే కనపడుతుంది. స్తంభాల దగ్గర నీరు సుడి తిరుగుతుంది, కాబట్టి రెండు స్తంభాల సరిగ్గా మధ్య నుంచి పోవాలి, ఆ కాసేపూ తెడ్లు కాకాకే వదిలేశాం. నా పాత రావి మొక్క కోసం చూశాను. ఎవరో పీకేసినట్టున్నారు, అతుకు సిమెంటుతో పూడ్చి ఉంది. రెండు నిమిషాల్లో స్తంభం వెనక్కి పోయింది.

వంతెన దాటగానే కుడిచేతి వైపు దక్షిణేశ్వరం. 1855లో రాణీ రాస్‌మణి కట్టించిన తొమ్మిది శిఖరాల గుడి, నది ఒడ్డున వరసగా పన్నెండు శివాలయాలు. పిన్ని చేతులు జోడించి ఒక్కో శివాలయాన్నీ లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఎడమవైపు ఉత్తర్‌పాడాలో 1859 నాటి జయకృష్ణ గ్రంథాలయం. పై అంతస్తు వరండా నదిలోకి చూస్తూ ఉంటుంది. మైకేల్ మధుసూదన్ దత్ అవసాన దశలో అక్కడ తలదాచుకున్నాడు. ఇక్కడ నుంచి మేం తెడ్లు తీసుకున్నాం. ఒకరు వేశాక ఇంకొకరు వేస్తే పడవ గుండ్రంగా తిరుగుతుంది. ఇద్దరూ ఒకేసారి వంగాలి, ఒకేసారి లేవాలి. మా చిన్నది "ఏ-క్, దు-యీ" అని బెంగాలీలో లెక్కపెడితే పిన్ని "ఒక-టీ, రెం-డూ" అని అందుకుంది. కొంతసేపటికి ఇద్దరూ మానేశారు. తెడ్డు నీళ్ళలో దిగిన చప్పుడు, పైకి లేచాక దాని అంచు నుంచి చుక్కలు రాలే చప్పుడు, అంతే మిగిలింది. పిన్ని అడిగింది అదే.

సరస్వతీ పూజ అయి ఐదు రోజులే కావడంతో నీటి మీద నిమజ్జనం చేసిన బొమ్మల గడ్డి అస్థిపంజరాలు పోటుతో పాటు ఎగువకు తేలిపోతున్నాయి. ఒకదానికి మట్టంతా కరిగిపోయి వెదురు చట్రం మీద గడ్డి చెయ్యి ఒక్కటి పైకెత్తి ఉంది, వీణ పట్టుకున్న వాలుగా. అది మా పడవ పక్కనే, మా వేగంతోనే, కొన్నగర్ దాకా వచ్చింది. కుడివైపు పానిహాటీ. 1872లో కలకత్తాలో డెంగీ జ్వరాలు రేగితే పదకొండేళ్ళ రవీంద్రుణ్ణి తీసుకొచ్చి ఉంచింది అక్కడి గంగ ఒడ్డు తోట ఇంట్లోనే. ఊరు దాటి బయటి ప్రపంచం చూడ్డం ఆయనకు అదే మొదలు.

రిష్రా దగ్గరకు వచ్చేసరికి రెండు ఒడ్డులా జనపనార మిల్లులు. మన దేశంలో మొదటి జనపనార మిల్లు 1855లో రిష్రాలోనే పెట్టారు. ఆ తర్వాతి కాలంలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మన వాళ్ళు ఈ మిల్లులకు పనికి వచ్చారు. ఇటు రిష్రాలోనూ, అవతలి ఒడ్డున టిటాగఢ్‌లోనూ వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఉన్నారు. ఒక మిల్లు గోడ కింద ఘాటులో ఒకావిడ బట్టలు ఉతుకుతూ పిల్లాణ్ణి కేకేసింది. "ఒరే, నీళ్ళలోకి దిగొద్దని చెప్పానా!" మా పడవ అంతా ఒక్కసారి అటు తిరిగింది. పిన్ని తెడ్డు వదిలేసి లేచి నిలబడబోతే కాకా కూర్చోమన్నాడు. కూర్చునే గొంతెత్తి "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. "టెక్కలి దగ్గర" అని ఆవిడ. "మాది అరసవల్లమ్మా!" అని పిన్ని. నది ఆగదు కదా, అంతకన్నా మాటలు కుదరలేదు. ఆవిడ తడి చీర భుజం మీద వేసుకుని మేం వంపు తిరిగేదాకా అలాగే నిలబడింది. ఆ ఘాటులో అరగంట ఆగే వీలు నా లెక్కలో పెట్టుకోకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. మళ్ళీ వెళ్తే రిష్రాకే ఒక దశమి కేటాయిస్తాను.

తొమ్మిదీ నలభైకి శ్రీరాంపూర్ చేరాం. అవతల బారక్‌పూర్ చెట్లు, ఇవతల కాలేజీ స్తంభాలు. కాకా పడవను మెట్టుకు ఆనించాడు. నీరు మెట్టు అంచుకు సరిసమానంగా ఉంది. పిన్ని చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకోకుండానే, కాలు తడవకుండా దిగింది. సంచీలు అందించుకుని, కాకాకు ఒక పొట్లంలో పులిహోర కట్టిచ్చి, ఆ మెట్ల మీదే కూర్చుని మేమూ తిన్నాం. పడవ పక్కన నీళ్ళలో ఒక బంతిపువ్వు అటూ పోకుండా, ఇటూ రాకుండా ఒక్కచోటే నిలబడి ఉంది. కాకా పులిహోర తింటూ దాన్నే చూస్తున్నాడు. కాసేపటికి అది కొద్దిగా తిరిగి, మేం వచ్చిన వైపుకు, లిలువా వైపుకు మెల్లగా కదిలింది. కాకా చెయ్యి కడుక్కుని తాడు విప్పాడు.

"ఆటు మొదలైందిరా" అంది పిన్ని.